గడ్డిలో తీపి తీసినవాళ్లు

పొలంలో అగ్గిపెట్టే వరిగడ్డిని, గట్టున ఊరికే పెరిగే రెల్లును ఇంజిన్‌లో మండే ఇంధనంగా మార్చడానికి ఉస్మానియా ప్రయోగశాలలో సాగిన ప్రయత్నం. పాల్వంచ వేడిమట్టిలో మొదలైన ఆ దారి ఎలా సాగిందో చెప్పే యథార్థ గాథ.

పాల్వంచ వేడి

పాల్వంచలో వేసవి ఎలా ఉంటుందో ఖమ్మం, కొత్తగూడెం వాళ్లకు చెప్పనక్కర్లేదు. పైన ఎండ మాడుస్తుంది. పక్కన కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో బొగ్గు మండుతుంది, బాయిలర్లు కాగుతాయి, బూడిద దిగుతుంది. ఆ ఆవరణలో కొన్నిచోట్ల నేల చల్లబడడమే తక్కువ. మనిషి నిలబడడానికే జంకే అలాంటి చోట్ల నుంచి కొద్దికొద్దిగా మట్టి తీసి హైదరాబాద్ పట్టుకెళ్లారు ఉస్మానియా విశ్వవిద్యాలయం మైక్రోబయాలజీ పరిశోధకులు. ప్రొఫెసర్ ఎల్. వెంకటేశ్వరరావు బృందం అది. అంత వేడిలో వాళ్లు వెతికింది ఈస్ట్ కోసం.

ఈస్ట్ మనకు కొత్త కాదు. తెల్లారి దించిన తాటికల్లు మధ్యాహ్నానికి నురగలు కక్కి ఘాటెక్కుతుందంటే అది ఈస్ట్ పనే. కంటికి కనిపించని ఆ ఒంటికణపు జీవి తీపి తింటుంది, ఆల్కహాల్‌ను, బొగ్గుపులుసు వాయువును వదిలేస్తుంది. లెక్క కూడా కచ్చితం. 180 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే 92 గ్రాముల ఇథనాల్, 88 గ్రాముల వాయువు రావాలి. అంటే గ్రాము చక్కెరకు 0.51 గ్రాముల ఇథనాల్. ఏ శాస్త్రవేత్తయినా, ఏ డిస్టిలరీ అయినా ఈ గీత దాటడం కుదరదు. దానికి ఎంత దగ్గరగా చేరారన్నదే అసలు పోటీ.

ఆ పోటీలో తెలుగు నేలకు ఒక చిక్కుంది. మామూలు ఈస్ట్‌కు 30 డిగ్రీల చుట్టుపక్కల వేడి హాయి. 40కి చేరేసరికి నీరసిస్తుంది. పైగా పులియడంలోనే వేడి పుడుతుంది. వేల లీటర్ల ట్యాంకులో ఆ వేడి పేరుకుపోతుంది. బయట మే నెల ఎండ, లోపల పులియడంలో పుట్టే వేడి. ఈ రెండూ కలిస్తే ఈస్ట్ పని మధ్యలోనే చతికిలబడుతుంది. ట్యాంకును చల్లార్చాలంటే నీళ్లు కావాలి, కరెంటు కావాలి, ఆ రెండింటికీ డబ్బు కావాలి. చలిదేశాల వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి కాదు. మనకు అదే ముందు తేలాల్సిన లెక్క.

అందుకే వేడికి అలవాటుపడిన ఈస్ట్ కావాలంటే వేడి చోటే వెతకాలన్న తర్కంతో ఆ మట్టి తెచ్చారు. అందులో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. వాటిలో ఈస్ట్‌ను వేరు చేయాలి. వేరు చేసినదాన్ని ఎక్కువ వేడిలో, చిక్కటి చక్కెర నీళ్లలో పెంచి చూడాలి. తట్టుకోలేనివి రాలిపోతాయి. చివరికి నాలుగు రకాలు నిలబడ్డాయి. వాటికి వీఎస్1, వీఎస్2, వీఎస్3, వీఎస్4 అని పేర్లు పెట్టారు. వాటిలో వీఎస్1, వీఎస్3 మెరుగైనవిగా తేలాయి. 40 డిగ్రీలు దాటినా పని ఆపని ఈస్ట్‌లవి. పైగా ఒకదానికొకటి అంటుకుని గుంపులు కట్టి అడుగుకు దిగే గుణం వాటికుంది. దానివల్ల పులిసిన ద్రవం నుంచి వాటిని వేరు చేయడం తేలిక. 2000 సంవత్సరంలో ఆ ఫలితం బయోరిసోర్స్ టెక్నాలజీ అనే అంతర్జాతీయ పత్రికలో అచ్చయింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఒక థర్మల్ కేంద్రం మట్టి ప్రపంచ శాస్త్ర సాహిత్యంలోకి అలా ఎక్కింది.

పనివాడు దొరికాడు. ఇక వాడికి తిండి చూడాలి.

చక్కెర ఉంది, చేతికి అందదు

చెరకు రసం పెడితే ఈస్ట్ సంతోషంగా తింటుంది. మొలాసిస్ పెట్టినా, బియ్యం నూకలనో మొక్కజొన్ననో ఉడికించి పిండిని చక్కెర చేసి పెట్టినా తింటుంది. కానీ ఇవన్నీ మనిషో పశువో తినేవే, లేదా తినే పంటకు నీళ్లూ నేలా పంచుకునేవే. ఇంధనం కోసం అన్నం గిన్నెలో చెయ్యి పెట్టకుండా తీపి ఎక్కడ దొరుకుతుంది?

పంట కోశాక పొలంలో మిగిలినదాంట్లో దొరుకుతుంది. వరిగడ్డి, పత్తికట్టె, మొక్కజొన్న బెండ్లు, చెరకు పిప్పి, వేరుశనగ పొట్టు అన్నీ ఆ కోవలోవే. వరిగడ్డి బరువులో మూడో వంతుకు పైగా సెల్యులోజ్. సెల్యులోజ్ అంటే వేల గ్లూకోజ్ పూసలు ఒకదాని వెంట ఒకటి గుచ్చిన దండ. మరో ఐదో వంతు దాకా హెమిసెల్యులోజ్. అందులో ఎక్కువగా ఉండేది జైలోజ్ అనే మరో రకం చక్కెర. ఈ రెండింటినీ పట్టి బిగించి ఉంచేది లిగ్నిన్. కాండం నిటారుగా నిలబడేది, వానకు కుళ్లకుండా ఉండేది దాని బలంతోనే. వరిగడ్డిలో ఇసుక గుణమున్న సిలికా కూడా ఎక్కువే. చేతితో దూస్తే గరుకుగా గీసుకునేది అందుకే.

అంటే గడ్డిమోపు నిండా చక్కెర ఉంది. ఈస్ట్‌కు మాత్రం ఒక్క చుక్క అందదు. గడ్డివాము మీద ఎంత ఈస్ట్ చల్లినా ఆల్కహాల్ రాదు.

ఈ బిగువును మొదట విప్పింది ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త హెన్రీ బ్రాకొనో. 1819లో ఆయన పాత నారబట్టల ముక్కల్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేశాడు. బట్ట కరిగి తియ్యటి ద్రవమైంది. రెండు వందల ఏళ్ల నాటి ఆ ప్రయోగమే నేటికీ ఒక దారి. రెండో దారిని చూపించింది రెండో ప్రపంచ యుద్ధం.

గుడారాలు తిన్న బూజు

దక్షిణ పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైన్యానికి అనుకోని శత్రువు ఎదురైంది. ఎడతెరిపి లేని వాన, ఉక్కపోత. సైనికుల గుడారాలు, బెల్టులు, సంచులు కళ్లెదుటే చివికిపోతున్నాయి. సోలమన్ దీవుల్లోని బూగన్‌విల్ నుంచి కుళ్లిన నూలుబట్టను పరీక్షకు పంపారు. దాని మీద పెరిగిన ఒక ఆకుపచ్చ బూజుకు క్యూఎం6ఏ అని గుర్తు వేశారు. సైన్యం అడిగింది ఒక్కటే, దీన్ని ఆపడమెలా అని.

సైనిక ప్రయోగశాలలో పనిచేసిన ఎల్విన్ రీస్ దృష్టి మరోవైపు మళ్లింది. నూలు దాదాపు అంతా సెల్యులోజే. ఈ బూజు నోరూ పళ్లూ లేకుండా ఆ బట్టను ఎలా తింటోంది? అది బయటికి వదిలే ఎంజైములు సెల్యులోజ్ దండను తెంపి గ్లూకోజ్ పూసలుగా విడగొడుతున్నాయని ఆయన, సహచరి మేరీ మాండెల్స్ ఏళ్ల తరబడి శ్రమించి తేల్చారు. సైన్యం చంపమన్న బూజును వాళ్లు పెంచి పోషించారు. 1977లో ఆ బూజుకు రీస్ పేరు మీదే ట్రైకోడెర్మా రీసై అని నామకరణం జరిగింది. ఈనాడు గడ్డి నుంచి ఇథనాల్ తీయడానికి వాడే ఎంజైముల్లో చాలావాటికి అదే మూలం.

కుళ్లిన గుడారం, కాలిన మట్టి. మనం ముఖం తిప్పుకునే చోట్లలోనే ఈ విద్యకు కావలసిన జీవులు దొరికాయి. మూడోది పుచ్చిన కర్రను తొలిచే పురుగుల కడుపులో కనిపించింది. దాని పేరు పిచియా స్టిపిటిస్. అది ఒక రకం ఈస్ట్. మామూలు ఈస్ట్ గ్లూకోజ్‌ను తింటుంది గానీ జైలోజ్‌ను ముట్టదు. పిచియా ఆ జైలోజ్‌ను కూడా తిని ఆల్కహాల్ చేస్తుంది. పుణెలోని జాతీయ పారిశ్రామిక సూక్ష్మజీవుల భాండాగారంలో 3498 నంబరుతో ఈ ఈస్ట్ భద్రంగా ఉంది. ఉస్మానియా బృందం దాన్ని తెప్పించుకుంది.

ఒకే పాత్రలో రెండు ఈస్ట్‌లు

2011లో అదే బయోరిసోర్స్ టెక్నాలజీలో వచ్చిన ఉస్మానియా పరిశోధన పత్రంలోని అంకెల వెంట నడిస్తే, వరిగడ్డి ప్రయోగం ఇలా కళ్ల ముందుకొస్తుంది.

గడ్డిని రెండు అంచెల్లో సల్ఫ్యూరిక్ ఆమ్లంతో ఉడికించారు. మొదట హెమిసెల్యులోజ్ లొంగుతుంది, తర్వాత సెల్యులోజ్ లొంగుతుంది. వడకట్టగా ముదురు గోధుమరంగు ద్రవం వస్తుంది. కొలిస్తే లీటరుకు 16.8 గ్రాముల చక్కెర ఉంది. ఇది చాలా పల్చన. దీన్ని పులియబెడితే వచ్చే ఆల్కహాల్‌ను నీటి నుంచి వేరు చేయడానికి అయ్యే ఇంధనమే మోయలేని బరువవుతుంది. అందుకే ద్రవాన్ని చిక్కబరచాలి. అయితే పొయ్యి మీద పెట్టి మరిగిస్తే చక్కెర మాడిపోతుంది. గాలి ఒత్తిడి తగ్గించి తక్కువ వేడిలోనే నీటిని ఆవిరి చేసే పద్ధతిలో దాన్ని లీటరుకు 31 గ్రాములకు తెచ్చారు.

ఇక్కడే అసలు గండం. ఆమ్లంలో ఉడికినప్పుడు చక్కెరలో కొంత విరిగి ఫర్ఫ్యూరల్ లాంటి పదార్థాలవుతుంది. వాటికి చేదుబాదం వాసన. లిగ్నిన్ విరిగి ఫీనాలిక్స్ అవుతుంది. ఈ రెండూ ఈస్ట్‌కు విషమే. తిండితో పాటు విషమూ ఒకే పళ్లెంలో ఉందన్నమాట. దీనికి విరుగుడు మన వంటింటి గోడకు కొట్టే సున్నమే. ద్రవంలో సున్నం కలుపుతూ పోతే ఆమ్లం విరుగుతుంది, తెల్లటి జిప్సం అడుగుకు దిగుతుంది, విషాల్లో చాలా భాగం పోతుంది. మళ్లీ ఈస్ట్‌కు నప్పేంత పులుపు తెచ్చి వడకడితే ద్రవం సిద్ధం.

ఇప్పుడు రెండు ఈస్ట్‌లనూ ఒకే పాత్రలో దించారు. మామూలు ఈస్ట్ అయిన సాక్కరోమైసిస్‌లో ఓవీబీ 11 అనే రకం ఒకటి, పిచియా మరొకటి. ఈ కాపురం అంత సులువు కాదు. సాక్కరోమైసిస్‌కు గాలి లేకున్నా నడుస్తుంది. పిచియాకు జైలోజ్ తినాలంటే కాస్త గాలి కావాలి. మరీ ఎక్కువైతే ఆల్కహాల్ చేయడం మాని ఒళ్లు పెంచుకుంటుంది. పైగా గ్లూకోజ్ ఎదురుగా ఉన్నంతసేపు అది జైలోజ్ వైపు చూడదు. అదృష్టమేమిటంటే సాక్కరోమైసిస్ గ్లూకోజ్‌ను చకచకా ఖాళీ చేసేస్తుంది. దాంతో పిచియా జైలోజ్‌కు దిగక తప్పదు. ఒకటి వదిలింది మరొకటి తింటుంది.

లీటరుకు 12 గ్రాముల ఇథనాల్ వచ్చింది. గ్రాము చక్కెరకు 0.4 గ్రాములు. దాటలేని గీత 0.51 అని చెప్పుకున్నాం కదా. పశువులు తినగా మిగిలితే అగ్గిపాలయ్యే వరిగడ్డి నుంచి, దాని రెండు రకాల చక్కెరలూ వాడుకుని, అంత దగ్గరదాకా వచ్చారు. ఈ 12 గ్రాముల వెనుక ఉన్న ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

షాలిమార్ ఒడ్డున రెల్లు

వరిగడ్డి ఒక్కటే కాదు, ఈ కథలో రెల్లుకూ చోటుంది. హైదరాబాద్‌లో బయల్దేరిన ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ సామర్లకోట, విశాఖ మీదుగా వెళ్లి హుగ్లీ నది పడమటి ఒడ్డున షాలిమార్‌లో ఆగుతుంది. కోల్‌కతాకు నది ఇవతల, హౌరా వైపు ఉన్న స్టేషనది. దసరా రోజుల్లో వెళ్తే బెంగాల్‌లో రైలు కట్ట పొడవునా తెల్లటి పూలు ఊగుతుంటాయి. అక్కడివాళ్లు వాటిని కాశ్ పూలంటారు. అవి విచ్చాయంటే దుర్గమ్మ వస్తోందని వాళ్లకు గుర్తు. ఆ మొక్క మన రెల్లే. గోదావరి లంకల్లో, కాలువ గట్ల మీద నాటకుండా, నీళ్లు పెట్టకుండా పెరిగేది, ఒకప్పుడు పేదల ఇళ్లకు కప్పయినదీ అదే.

ఉస్మానియా బృందం, జేఎన్‌టీయూ పరిశోధకులు కలిసి ఈ రెల్లు మీదా పనిచేశారు. 2009లో అచ్చయిన ప్రయోగంలో రెల్లు ముక్కల్నే ఈస్ట్‌కు ఆవాసంగా వాడారు. పాల్వంచ మట్టిలో దొరికిన వీఎస్3ను ఆ ముక్కల మీద స్థిరపరిచారు. ఈస్ట్ అలా ఒకచోట అంటిపెట్టుకుని ఉంటే ద్రవాన్ని మార్చుకుంటూ అదే ఈస్ట్‌తో మళ్లీ మళ్లీ పని చేయించుకోవచ్చు. 2011లో రెల్లునే ముడిసరుకుగా తీసుకుని, పిచియాతో ఇథనాల్ చేసి చూపించారు. ఎవరూ విత్తని మొక్క ఒక ప్రయోగంలో ఇల్లయింది, మరో ప్రయోగంలో తిండయింది.

రెల్లుకూ తీపికీ చుట్టరికం పాతదే. రెల్లు, చెరకు ఒకే కుటుంబం. కోయంబత్తూరులో చెరకును అడవి రెల్లుతో సంకరం చేసి పుట్టించిన కో 205 రకం 1918లో రైతులకు అందింది. తెగుళ్లకు, కరవుకు తట్టుకునే మొండితనం చెరకుకు రెల్లు నుంచే వచ్చింది. నేడు మన గానుగలో పడే చెరకులో రెల్లు నెత్తురుంది.

షాలిమార్‌కు దగ్గర్లోనే శిబ్‌పూర్‌లో 1787లో రాబర్ట్ కిడ్ నెలకొల్పిన వృక్షోద్యానం ఉంది. ఇప్పుడది ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ భారతీయ వృక్షోద్యానం. 1793లో దాని బాధ్యతలు తీసుకున్న విలియం రాక్స్‌బరో అంతకుముందు మన సామర్లకోటలో ఉన్నవాడు. వృత్తికి కంపెనీ వైద్యుడు, ప్రాణమంతా మొక్కలమీదే. సామర్లకోటలో తోట వేసి మొక్కల్ని పరీక్షించాడు. వాటి తెలుగు పేర్లను గ్రంథాలకెక్కించాడు. రాజమండ్రి సర్కారులో మన రైతులు చెరకు ఎలా పండిస్తారో, బెల్లం ఎలా వండుతారో రాసిపెట్టాడు. అలా గోదావరి జిల్లా చెరకు తోటల పరిచయంతోనే ఆయన హుగ్లీ ఒడ్డుకు చేరాడు.

బెల్లం వండే చోట పిప్పిని ఎండబెట్టి పొయ్యిలోకి తోయడం మన రైతుకు తరతరాలుగా తెలుసు. అనకాపల్లి వైపు వెళ్తే ఇప్పుడూ చూడొచ్చు. పెనంలో రసం మరుగుతుంటే పక్కనే పిప్పి మండుతూ ఉంటుంది. పంట మిగులును ఇంధనంగా వాడుకునే బుద్ధి ఆ పొయ్యి దగ్గరే ఉంది. పిప్పిలో ఇంకా తీపి మిగిలి ఉందని, దాన్నీ బయటికి తీయొచ్చని తేలడానికి మాత్రం ఇంత శాస్త్రం కావలసి వచ్చింది.

పొలం దగ్గర లెక్క

ప్రయోగశాల పాత్ర నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా దారి పొడవైనది. మన దేశంలో ఆ గేటు తెరుచుకుంది. 2022 ఆగస్టు 10న హర్యానాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ వారి రెండో తరం, అంటే పంట వ్యర్థాల నుంచి తీసే ఇథనాల్ ప్లాంటును ప్రధాని జాతికి అంకితం చేశారు. ఖర్చు 900 కోట్ల రూపాయలకు పైమాటే. ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి తీసుకుని 3 కోట్ల లీటర్ల ఇథనాల్ ఇవ్వాలన్నది లక్ష్యం. అంటే టన్ను గడ్డికి 150 లీటర్లు. 2025 సెప్టెంబరులో అస్సాంలోని నుమాలిగఢ్‌లో వెదురు నుంచి ఇథనాల్ తీసే కర్మాగారం ప్రారంభమైంది.

ఈ దారిలో కష్టాలు తక్కువేం కాదు. గడ్డి తేలిక, బండి నిండినా బరువు తూగదు. కోతల కొద్ది వారాల్లోనే ఏడాదికి సరిపడా కూడబెట్టాలి. వాన తగిలితే కుళ్లుతుంది, నిప్పు తగిలితే బుగ్గి. సిలికా యంత్రాల్ని అరగదీస్తుంది. ఎంజైములు ఖరీదు. నూకలతో, మొలాసిస్‌తో ఇథనాల్ తీయడం ఇంతకంటే ఎంతో సులువు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 దాకా ఆగకుండా 2025లోనే దేశం అందుకోగలిగిందంటే ఆ సులువు దారి వల్లే.

కానీ ఆ దారికి మన పల్లెలు ఏం జవాబిచ్చాయో చూశాం. నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ జనం రోడ్డెక్కారు. 2024 నవంబరులో దిలావర్‌పూర్ రైతుల ఆందోళనతో పనులు ఆగాయి. మా నీళ్లేమవుతాయి, మా గాలేమవుతుంది, మా భూములేమవుతాయి అన్న ఆ ప్రశ్నలు న్యాయమైనవి. గడ్డి ఇథనాల్‌కైనా అవే ప్రశ్నలు వర్తిస్తాయి. దీనికీ నీళ్లు కావాలి, దీనికీ వ్యర్థజలం ఉంటుంది. ఊరికి ముందే అన్నీ చెప్పి, ఊరు ఒప్పుకున్నాకే పునాది రాయి వేయాలి. సైన్స్ మంచిదైనంత మాత్రాన ఆ మర్యాద నుంచి మినహాయింపు దొరకదు.

గడ్డి ఇథనాల్‌కు ఉన్న బలం మరోటి. అది రైతు పంటను అడగదు, పంట తర్వాత మిగిలినదాన్ని అడుగుతుంది. హార్వెస్టర్ కోసిన పొలంలో గడ్డి చెల్లాచెదురుగా పడి ఉంటుంది. దాన్ని ఏరి మోపు కట్టించడానికి కూలి గిట్టదు, తర్వాతి నాటుకు అదను దాటిపోతుంది. అందుకే అగ్గి పెడతారు. పొగ కమ్ముతుంది, మట్టిలోని జీవమూ మాడిపోతుంది. ఆ రైతుకు జరిమానా వేసి బెదిరించే బదులు గడ్డి కట్టలు కట్టే యంత్రం అద్దెకు దొరికేలా చేయాలి. మండలానికో సేకరణ కేంద్రం పెట్టాలి. తూకం వేసిన రోజే డబ్బు ఖాతాలో పడాలి. పశువుల మేతకు, నేలకు తిరిగి వేయడానికి కావలసినంత గడ్డి ముందుగా పక్కన పెట్టాకే మిగిలినది ఫ్యాక్టరీకి పోవాలి. ఈ నాలుగూ జరిగితే అగ్గిపుల్ల అవసరం దానంతటదే పోతుంది.

దీనికి కావలసిన విద్య పరాయిది కాదు. మన వేడిని తట్టుకునే ఈస్ట్ మన మట్టిలోనే దొరికింది. దాన్ని వెతికింది మన విశ్వవిద్యాలయం. వరిగడ్డి మీద, రెల్లు మీద, ఊళ్లను కమ్మేసిన సర్కారు తుమ్మ మీద కూడా ప్రయోగాలు చేసి ఫలితాలు ప్రపంచం ముందు పెట్టింది మనవాళ్లే. ఆ పత్రాలు చదివి పరాయి దేశాల పరిశోధకులు ముందుకు సాగుతున్నారు. ప్రభుత్వాలు, చమురు కంపెనీలు, విశ్వవిద్యాలయాలు ఒకచోట కూర్చుని, రైతుల్నీ పక్కన కూర్చోబెట్టుకుని, ఈ విద్యను నల్లగొండ, నిజామాబాద్, గోదావరి డెల్టా పొలాల దాకా తేవాలి. వరి పండించిన చేతికి బియ్యం ధరతో పాటు గడ్డి ధరా అందాలి. పాతికేళ్లుగా ప్రయోగశాలలో పడ్డ శ్రమకు మనం చెల్లించాల్సిన బాకీ అది.